మూడు నాలుగు నిమిషాలకే అయిపోతోంది, ఇది జబ్బేనా?

ప్రశ్న: కొత్త కాపురం, ఖమ్మం

మొన్న మాఘమాసంలో నాకు పెళ్లయింది. వయసు 29. సహకార బ్యాంకులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. నా భార్య ప్రైవేటు బడిలో టీచరు. నాకు సిగరెట్టు, మందు అలవాటు లేదు. ఇంతవరకు ఒంట్లో ఏ జబ్బూ బయటపడలేదు.

కలయిక మొదలైన మూడు నాలుగు నిమిషాలకే నాకు స్కలనం అయిపోతోంది. ఒక్కో రాత్రి ఇంకా ముందే అవుతుంది. మంచానికి ఎదురుగా గోడ గడియారం ఉంది. దాని ముల్లు చీకట్లో కూడా కనిపిస్తుంది. ఈమధ్య నా చూపంతా దానిమీదే ఉంటోంది. స్నేహితులను అడిగితే అరగంట అంటాడొకడు, ముప్పావుగంట అంటాడింకొకడు. ఫోనులో చూసే వీడియోల సంగతి చెప్పనక్కరలేదు.

బస్టాండు పక్క లాడ్జీకి నెలకోసారి వచ్చే ఒక వైద్యుడి దగ్గరికి నన్ను మిత్రుడు తీసుకువెళ్ళాడు. ఆయన నాడి పట్టుకుని, చిన్నతనంలో హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడ్డాయని, వీర్యం పలచబడిందని, ఇలాగే వదిలేస్తే పిల్లలు పుట్టరని చెప్పాడు. మూడు నెలల కోర్సుకు 18 వేలు, అందులో సగం ముందే కట్టాలి. ఇంట్లో అడిగి వస్తానని చెప్పి బయటపడ్డాను. ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదు.

నా భార్య ఒక్క మాట కూడా అనదు. అయిపోగానే అటు తిరిగి పడుకుంటుంది. ఆమె మనసులో ఏముందో తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. మాది రెండు గదుల ఇల్లు. అమ్మానాన్నలు పక్క గదిలోనే ఉంటారు.

మామూలుగా ఎంతసేపు ఉండాలి? దీన్ని పెంచుకునే దారి ఉందా? ఎవరి దగ్గరికి వెళ్ళాలి? దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు: రెండో షిఫ్టు, కొత్తగూడెం

తమ్ముడూ, ముందు ఆ 18 వేలు నీ దగ్గరే ఉంచుకో. నాడి చూసి నరాల సంగతి, వీర్యం సంగతి చెప్పగలిగేవాడు ఎక్కడా లేడు. వీర్యంలో ఏముందో తెలియాలంటే ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి.

మీ స్నేహితుల్లో గడియారం పెట్టి చూసుకున్నవాడు ఎవడూ ఉండడు. పది మంది కూర్చున్నచోట ఈ విషయంలో నిజం చెప్పే మగవాడిని నేను ఇంతవరకు చూడలేదు. వీడియోలంటావా, అవి ఒక్క రాత్రి తీసినవి కావు. ఎన్నోసార్లు ఆపి, ముక్కలుగా తీసి, ఒకటిగా అతికిస్తారు. వాటితో నీ కాపురాన్ని పోల్చుకోకు. మిగతాది డాక్టర్లు ఎవరైనా ఉంటే చెబుతారు.

జవాబు: విశ్రాంత వైద్యుడు, కాకినాడ

బాబూ, నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీలాంటి వాళ్ళు మా ఓపీలో వరుస చివర నిలబడేవారు. వంతు వచ్చినా వెనకవాళ్ళను ముందుకు పంపేవారు. జనం పలచబడ్డాక లోపలికి వచ్చి, దురద అంటూ చెయ్యి చాపేవారు. చూస్తే చేతిమీద ఏమీ ఉండదు. నర్సును బయటకు పంపి తలుపు దగ్గరగా వేస్తే అప్పుడు అసలు మాట వచ్చేది, అదీ నేల చూస్తూ. అంత సిగ్గుపడాల్సిన విషయం కాదిది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట మీ మొదటి ప్రశ్న. దీన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచినవాళ్ళు ఉన్నారు. నెదర్లాండ్స్, బ్రిటన్, స్పెయిన్, టర్కీ, అమెరికా, ఈ ఐదు దేశాల్లో దాదాపు 500 జంటలు నెల రోజులపాటు ఇంట్లోనే సమయం నమోదు చేశాయి. 2005లో ఫలితాలు ప్రచురించారు. అంగప్రవేశం నుంచి స్కలనం దాకా లెక్కిస్తే మధ్యస్థ విలువ 5.4 నిమిషాలు. అంటే సగం మంది అంతకన్నా ముందే ముగించారు. అందరికన్నా తక్కువ సమయం అర నిమిషం పైచిలుకు, అందరికన్నా ఎక్కువ 44 నిమిషాలు. టర్కీలో మధ్యస్థం 3.7 నిమిషాలే. 30 లోపు వాళ్ళలో 6.5 ఉంటే, 51 దాటినవాళ్ళలో 4.3కి దిగింది. అనుభవంతో సమయం పెరుగుతూ పోతుందని మనవాళ్ళు అనుకుంటారు గానీ, ఆ లెక్కల్లో వయసుతో పాటు అది తగ్గింది.

మరో మూడేళ్ళకు అమెరికా, కెనడాల్లోని సెక్స్ థెరపిస్టులను, అంటే రోజూ ఇవే సమస్యలు వినేవాళ్ళను, ఎంతసేపయితే చాలని అడిగారు. 3 నుంచి 7 నిమిషాలయితే చాలినంత అన్నారు. 7 నుంచి 13 దాకా అయితే ఇంకా బాగుంటుందన్నారు. 10 నుంచి 30 నిమిషాలంటే మరీ ఎక్కువన్నారు. మీ స్నేహితులు గొప్పగా చెప్పే అరగంట నిపుణుల లెక్కలో సమస్యల వైపు పడింది. మీ మూడు నాలుగు నిమిషాలు చాలినంతలోకి వచ్చాయి.

మరి శీఘ్రస్కలనం అని దేన్ని అంటాం? మూడు లక్షణాలు కలిసి ఉండాలి. మొదటి అనుభవం నుంచీ, దాదాపు ప్రతిసారీ, ఒక నిమిషం లోపే అయిపోవాలి. ఆపుకోవాలన్నా ఆపుకోలేకపోవాలి. దానివల్ల మనిషి బాధపడుతుండాలి, లేదా దగ్గరికి వెళ్ళడమే మానెయ్యాలి. ఇది పుట్టుకతో వచ్చిన రకం. రెండో రకం, అంతకుముందు బాగానే ఉండి, నడుమ ఎప్పుడో సమయం బాగా పడిపోయి మూడు నిమిషాలకో అంతకంటే తక్కువకో రావడం. అలాంటప్పుడు కారణం వెతకాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ప్రోస్టేట్ గ్రంథికి వాపు, అంగస్తంభన తగ్గడం, ఇవి తరచూ కనిపిస్తాయి. స్తంభన నిలవదేమోనన్న భయంతో మగవాడు తనకు తెలియకుండానే తొందరపడతాడు. అటువంటివాడికి స్తంభన సంగతి సరిచేస్తే తొందర దానంతట అదే తగ్గుతుంది. మీరు చెప్పినదాన్నిబట్టి మీరు ఈ రెండింటిలోనూ పడరు. మీకున్నది కొత్త కాపురం, పక్క గదిలో తల్లిదండ్రులు, ఎదురుగా గడియారం. ముందు ఆ గడియారాన్ని ముందు గదిలోకి మార్చండి. మాటవరసకు చెప్పడం లేదు, ఇది నా మొదటి సలహా. తనను తాను పరీక్షిస్తున్న మనిషి ఒంట్లో ఆదుర్దా పెరుగుతుంది. ఆదుర్దా పెరిగితే స్కలనం మీద అదుపు తగ్గుతుంది.

ఆ లాడ్జీ వైద్యుడి గురించి. నాకు జీవితంలో ఎవరిమీదైనా నిజంగా కోపం ఉందంటే వీళ్ళ మీదే. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు. నలభై చుక్కల రక్తం ఒక్క వీర్యపు చుక్క అన్నది కట్టుకథ. వీర్యం శరీరంలో ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉంటుంది. ఈ భయం మన దేశంలో ఎంత లోతుగా పాతుకుందంటే, 1960లో వైద్యుడు ఎన్.ఎన్. విగ్ దీనికి ధాతు సిండ్రోమ్ అని విడిగా పేరు పెట్టాల్సి వచ్చింది. వీర్యం పోతోందన్న దిగులుతో బరువు తగ్గి, నీరసించి, చదువులు మానేసిన కుర్రవాళ్ళను నేనే చూశాను. పరీక్షలు చేస్తే వాళ్ళలో ఏ లోపమూ ఉండేది కాదు. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటన వేయడమే 1954 నాటి ఔషధాలు, మాయ చికిత్సల చట్టం కింద నేరం. అయినా రైల్వే ట్రాకు పక్కన ఏ గోడ చూసినా అవే రాతలు. ఇలాంటి పొడుల్లో, మాత్రల్లో పైకి మూలికలని రాసి లోపల సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, కలిపినవి పరీక్షల్లో బయటపడ్డాయి. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాడు అది తెలియక మింగితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు.

ఇక పెంచుకునే దారి. జబ్బు లేకపోయినా అదుపు పెంచుకోవచ్చు. ఖర్చేమీ లేదు గానీ ఓపిక కావాలి.

ఒకటి, ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. జేమ్స్ సీమన్స్ అనే వైద్యుడు 1956లో చెప్పిన పద్ధతి. ముందు ఒంటరిగా నేర్చుకోవాలి. ఉద్రేకాన్ని మనసులో పదికి లెక్కవేసుకుంటూ, ఏడుకు చేరిందనిపించగానే చెయ్యి తీసేయాలి. తొమ్మిది దాటితే ఎవరివల్లా కాదు, ఇక ఆగదు. అందుకే ఏడు దగ్గరే ఆగాలి. అర నిమిషమో, ఇంకాస్తో ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే అది నాలుగుకు, మూడుకు దిగుతుంది. మళ్ళీ మొదలుపెట్టండి. మూడుసార్లు అలా ఆపి నాలుగోసారి వదిలేయండి. కొన్ని వారాలకు ఏడు ఎక్కడుందో ఒంటికి తెలుస్తుంది. ఆ తరువాత భార్యతో కలిసి అదే చేయండి, ఆమెకు ముందే చెప్పి. చెప్పకుండా మధ్యలో ఆగితే తనవల్ల ఏదో తప్పు జరిగిందని ఆమె అనుకుంటుంది.

రెండు, కటి కింది కండరాల వ్యాయామం. మూత్రం మధ్యలో ఆపేటప్పుడు, నలుగురిలో గ్యాసు బిగబట్టేటప్పుడు ఏ కండరం లోపలికి లాగుతుందో అదే. మూత్రం ఆపడం కండరాన్ని గుర్తుపట్టడానికి ఒకసారి చాలు, దాన్నే వ్యాయామంగా చేయకూడదు. కండరం తెలిశాక, బ్యాంకులో కుర్చీలో కూర్చుని కూడా చేయవచ్చు. ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు పూర్తిగా వదలాలి. పదిసార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు. పొట్ట, తొడలు, పిరుదులు కదలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. బిగించడమెంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండరం మేలు కన్నా కీడే చేస్తుంది. యోగా చేసేవాళ్ళకు అశ్వినీ ముద్ర పేరుతో ఇలాంటిదే తెలుసు. రోమ్‌లో పుట్టుకతో శీఘ్రస్కలనం ఉన్న 40 మందికి ఫిజియోథెరపిస్టులు 12 వారాలు ఈ కండరాలకు శిక్షణ ఇచ్చారు. సగటున 32 సెకన్ల దగ్గర ఉన్నవాళ్ళు 146 సెకన్లకు వచ్చారు, 33 మందికి అదుపు చిక్కింది. 2014లో అచ్చయిన ఈ అధ్యయనం చిన్నదే. పోల్చి చూడటానికి వ్యాయామం చేయని జట్టు కూడా అందులో లేదు. అయినా నేను అందరికీ చెబుతాను, ఎందుకంటే సరిగా చేస్తే దీనివల్ల పోయేదేమీ లేదు.

కలయికలో ఆయాసం వస్తోందంటే అది వేరే సంగతి, దానికి ఈ వ్యాయామం కాదు, నడక, మెట్లు ఎక్కడం కావాలి. రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కి ఛాతీలో నొప్పి, ఆయాసం రానివాడి గుండె మామూలుగా కాపురానికి తట్టుకుంటుంది.

జవాబు: ఇద్దరు బిడ్డల తల్లి, విశాఖపట్నం

డాక్టరు గారు మగవారి వైపు చెప్పారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకరైనా రాయాలని రాస్తున్నాను.

మీ ప్రశ్నంతా లోపల ఎన్ని నిమిషాలన్న దాని గురించే ఉంది. చాలామంది ఆడవాళ్ళకు కేవలం దానితో తృప్తి కలగదు. అమెరికాలో వెయ్యి మందికి పైగా స్త్రీలను అడిగితే, కేవలం సంభోగంతోనే భావప్రాప్తి కలుగుతుందన్నవారు నూటికి 18 మందే. ఎక్కువమందికి బయట, పైభాగంలో ఉండే క్లిటోరిస్ దగ్గర స్పర్శ కావాలి, లేదా అది ఉంటే ఇంకా బాగుంటుంది. దానికి గడియారంతో పని లేదు. మీకు స్కలనం అయ్యాక కూడా చేతులు ఉంటాయి, నోరు ఉంటుంది, మాట ఉంటుంది. అయిపోగానే ఆమె అటు తిరిగి పడుకుంటుందని రాశారు. అయిపోయాక మీరేం చేస్తున్నారో రాయలేదు. ఇద్దరూ అక్కడితో అయిపోయిందనుకుంటే ఆమె ఇంకెటు తిరుగుతుంది?

ఇంకొక మాట. నా రెండో కాన్పు తరువాత బిడ్డకు పాలిచ్చే రోజుల్లో లోపల తడి ఉండేది కాదు. అప్పుడు నా భర్త ఎవరో చెప్పిన మొద్దుబారించే స్ప్రే తెచ్చుకుని ఎక్కువసేపు ప్రయత్నించేవారు. ఆయన నాకోసమే చేస్తున్నానని నమ్మారు. నాకు మంట, నొప్పి. ఎప్పుడు ముగుస్తుందా అని పళ్ళు బిగబట్టుకునేదాన్ని. ఆయన బాధపడతారని చెప్పలేదు. చివరికి గైనకాలజిస్టు ఆయన్ను కూర్చోబెట్టి, నీళ్ళ ఆధారంగా చేసిన జెల్ వాడమని, సమయం సంగతి మర్చిపొమ్మని చెప్పారు. ఆ తరువాతే ఇద్దరికీ హాయిగా ఉంది. మీ భార్యకు కూడా మొదటి నెలల్లో నొప్పి ఉండవచ్చు. ఉంటే తొందరగా ముగియడం ఆమెకు ఊరటగానే ఉండి ఉంటుంది. అడగనిదే తెలియదు.

ఎలా అడగాలంటారా? పడక మీద అడగకండి. బండి మీద వెళ్ళేటప్పుడో, ఇద్దరే నడిచేటప్పుడో, ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు అడగండి. 'నీకు బాగుందా' అని అడిగితే ఏ ఆడపిల్ల అయినా బాగుందనే అంటుంది. 'నీకు ఎక్కడ బాగుంటుంది, ఏది నొప్పి' అని అడగండి. పక్క గదిలో అత్తమామలు ఉంటే నోరెత్తడానికి కూడా భయపడుతుంది. ఏ ఆదివారమో మీ అమ్మానాన్నలను పెళ్లికో గుడికో పంపండి, లేదా మీరిద్దరే ఒకరోజు ఎక్కడికైనా వెళ్ళి రండి.

జవాబు: కడప వాడిని, కువైట్ నుంచి

అమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. మావంటి వాళ్ళం రెండేళ్ళకోసారి సెలవు మీద ఇంటికి వస్తాం. మొదటి వారం ఎవరికైనా నిమిషంలోనే అయిపోతుంది. గదిలో ఉండే పదిమందిదీ ఇదే కథ, కానీ ఎవరికి వారు తమకే జబ్బనుకుంటారు. నాకు ఇక్కడి మలయాళీ డాక్టరు ధైర్యం చెప్పాడు. చాలాకాలం ఎడబాటు తరువాత అది సహజమని, కొద్దిసేపాగి రెండోసారి కలిస్తే ఎక్కువసేపు ఉంటుందని, కొన్ని రోజులకు సర్దుకుంటుందని చెప్పాడు. అలాగే జరిగింది. తమ్ముడూ, మాకు సెలవు అయిపోతుందన్న భయం ఉంటుంది. నీకు ఆ తొందర కూడా లేదు.

ప్రశ్న వేసినవారు: కొత్త కాపురం, ఖమ్మం

అందరికీ చేతులెత్తి నమస్కారం. గడియారం తీసేశాను. నిన్న సాయంత్రం లకారం చెరువు కట్ట మీద నడుస్తూ నా భార్యను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, మొదట్లో నొప్పి ఉండేదని, ఇప్పుడు లేదని, నేను గోడవైపు చూస్తుంటే తన మీద ఇష్టం లేదేమోనని అనుకున్నానని చెప్పింది. అది విన్నాక నాకు నోట మాట రాలేదు.

డాక్టరు గారూ, ఇంకో రెండు సందేహాలు. మందుల షాపులో పనిచేసే స్నేహితుడు డపాక్సెటిన్ మాత్ర చీటీ లేకుండా ఇస్తానంటున్నాడు. వాడవచ్చా? మా నాన్నకు షుగరు ఉంది. నాకు ఏవైనా పరీక్షలు అవసరమా?

జవాబు: విశ్రాంత వైద్యుడు, కాకినాడ

మాత్ర వద్దు. డపాక్సెటిన్ నిజమైన మందే, శీఘ్రస్కలనానికి పనిచేస్తుంది. కలయికకు ఒకటి నుంచి మూడు గంటల ముందు వేసుకోవాలి. కానీ వికారం, తలతిరుగుడు రావచ్చు, కొందరు స్పృహ తప్పి పడిపోతారు. అందుకే మొదట పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూసి గానీ రాయము. మద్యంతో కలిపితే ఇంకా ప్రమాదం. దిగులుకు, నిద్రకు మందులు వాడేవాళ్ళకు, గుండెజబ్బు, లివరు జబ్బు ఉన్నవాళ్ళకు వేరే జాగ్రత్తలు ఉన్నాయి. అవన్నీ అడిగేది డాక్టరు, మందుల షాపు కాదు. పైగా మీ సమయానికి అది అవసరం కూడా లేదు. మొద్దుబారించే స్ప్రేల సంగతీ అంతే. అవసరమైనవాళ్ళకు మంచివే, కానీ కొన్ని నిమిషాలు ఉంచి కడిగేసుకోకపోతే భార్యకు కూడా మొద్దుబారుతుంది.

పరీక్షల విషయం. తండ్రికి షుగరు ఉంటే మీరు ఎలాగూ పరగడుపున షుగరు, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి, ఈ సమస్య ఉన్నా లేకపోయినా. షుగరు అదుపులో లేకుండా ఏళ్ళు గడిస్తే ముందుగా దెబ్బతినేవాటిలో అంగస్తంభన ఒకటి. బీపీ చూపించుకోండి. బరువు తగ్గడం, గుండె దడ, చేతులు వణకడం ఉంటేనే థైరాయిడ్. స్తంభన మామూలుగా ఉండి, మూత్రంలో మంట లేకపోతే ఇంకే పరీక్షా వద్దు. ఎవరైనా హార్మోన్ల ప్యాకేజీ అంటూ వేలల్లో రాస్తే ఎందుకని అడగండి.

వ్యాయామం మూడు నెలలు చేయండి. అప్పటికీ మీకు తృప్తిగా లేకపోతే యూరాలజిస్టును గానీ, మానసిక వైద్యుడిని గానీ కలవండి. ఎంబీబీఎస్ మీద ఎండీ గానీ ఎంసీహెచ్ గానీ ఉందో లేదో బోర్డు మీద చూసుకోండి. జిల్లా ఆసుపత్రికి వెళితే ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర జబ్బు పేరు చెప్పనవసరం లేదు, చర్మవ్యాధుల విభాగం అంటే చాలు, చీటీ ఇస్తారు. పదకొండు దాటాక వెళితే రద్దీ తగ్గుతుంది. లోపలికి వెళ్ళాక మాత్రం చెయ్యి చాపకండి. సమస్య ఏమిటో మొదటి మాటలోనే చెప్పండి. వీలైతే భార్యనూ వెంట తీసుకువెళ్ళండి.